ఎవరూ లేని ఇంట్లో కరెంటు ఎవరు వాడారు?

"అన్ని స్విచ్చులూ ఆపాను మావయ్యగారూ. తాళం వేసేముందు ఇంకోసారి తిరిగి చూశాను కూడా. మరి బ్యాటరీ ఎలా దిగిపోయింది?"

డాలస్ దగ్గర ఉంటున్న మా అల్లుడు అడిగిన ప్రశ్న ఇది. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను కాబట్టి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంటుందనుకున్నాడు. ఇలాంటి ప్రశ్నకు కూర్చున్నచోట జవాబు దొరకదు. మీటరు పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాలి. ఆ వెతుకులాటే ఈ అధ్యాయం.

ముందు బండి సంగతి చెప్పాలి. మా అల్లుడి దగ్గర ఒక క్యాంపర్ ట్రైలర్ ఉంది. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు అది. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, సింకు, స్నానాల గది, అన్నీ రెండు ఇరుసుల మీద ఇమిడిపోయి ఉంటాయి. అమెరికాలో ఇలాంటివి చాలావరకు ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. సెలవులొస్తే పిల్లలతో ఏ అడవికో, ఏ సరస్సుకో వెళ్ళి నాలుగు రోజులు అందులో ఉండి వస్తారు. ఏడాదికి అలా వాడేది ఇరవై, ముప్పై రోజులు. మిగతా రోజులన్నీ బండి ఖాళీగా ఉంటుంది. వాళ్ళ కాలనీలో ఇంటి ముందు ట్రైలర్ నిలపనివ్వరు. అందుకని నెలనెలా అద్దె కట్టి ఊరి చివర ఒక యార్డులో పెట్టి వస్తారు. అక్కడ తగిలించుకోవడానికి కరెంటు ప్లగ్గు లేదు.

ఆ ఇంటికి ముందుభాగంలో, ఇనుప చట్రం మీద, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. దీపాలు, నీళ్ళ పంపు, చలికాలం వేడిగాలి తోసే ఫ్యాను, బండి ముక్కును పైకెత్తే మోటారు జాకీ, అన్నిటికీ అదే ఆధారం. మూడు వారాల తరవాత మా వాడు యార్డుకు వెళ్ళి జాకీ బటన్ నొక్కితే మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. దుకాణానికి తీసుకెళ్తే బ్యాటరీ అయిపోయిందన్నారు. కొత్తది వేయించాడు. మళ్ళీ మూడు వారాలకు అదే మూలుగు.

అమెరికా ట్రైలర్ గొడవ మనకెందుకు అనుకోవద్దు. ఆర్నెల్లు పిల్లల దగ్గర ఉండివచ్చి, హైదరాబాదులోనో విజయవాడలోనో సెల్లారులో పెట్టిన కారు తాళం తిప్పితే "టక్" మని ఆగిపోయిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ప్రశ్న ఒక్కటే. ఎవరూ లేనప్పుడు కరెంటు ఎవరు వాడారు?

చెరువు ఎండిపోయే దారులు

బ్యాటరీని ఒక ఊరి చెరువు అనుకుందాం. చెరువు ఎండిందంటే కారణం ఒకటే కానక్కర్లేదు. తూము సరిగా మూయకపోతే నీళ్ళు పోతాయి. గట్టుకు ఎండ్రకాయ బొరియ చేస్తే పోతాయి. ఎవరూ ముట్టకపోయినా ఎండకు ఆవిరవుతాయి. ఇంకో కారణం పైకి కనిపించదు. చెరువులో పూడిక చేరితే, అంచుదాకా నిండినట్టే కనిపిస్తుంది గాని లోపల పట్టే నీళ్ళు సగమే. నాలుగు తడుపులకు రావలసిన చెరువు రెండు తడుపులకే ఖాళీ అవుతుంది.

బ్యాటరీలోనూ ఇవన్నీ ఉన్నాయి. ఏది ఏదో విడదీయకుండా కొత్త బ్యాటరీ కొనడం, బొరియ పూడ్చకుండా చెరువును మళ్ళీ నింపడమే. మా అల్లుడి విషయంలో జరిగింది అదే.

ఆవిరి సంగతి ముందు చూద్దాం. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. ఇప్పుడు కార్లలో, ఇన్వర్టర్లలో, ట్రైలర్లలో ఉండేది దాని వంశమే. పలచని గంధకామ్లంలో రెండు రకాల పలకలు మునిగి ఉంటాయి. ఒకటి సీసం, రెండోది సీసపు ఆక్సైడు. వాడుతున్నకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు అనే తెల్లటి పదార్థం పేరుకుంటుంది. ఆమ్లం పలచబడి నీరవుతూ ఉంటుంది. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి, తీగలు తగిలించకపోయినా ఈ రసాయన చర్య పూర్తిగా ఆగదు. పలకలు ఆమ్లంలోనే ఉన్నాయి కదా, నెమ్మదిగా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. దీన్ని "తనంతట తాను తరగడం" అందాం. మామూలు నీళ్ళ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 నుంచి 5 శాతం ఇలా తరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ తరుగుదల దాదాపు రెట్టింపవుతుంది. టెక్సాస్ ఎండాకాలం మన రెంటచింతల ఎండాకాలంలాంటిదే కాబట్టి నెలకు పది శాతం, ఇంకొంచెం ఎక్కువ కూడా పోవచ్చు. కాని మూడు వారాల్లో మొత్తం చెరువు ఎండదు. కాబట్టి ఆవిరి మీద నేరం మోపలేం.

ఇక పూడిక. పలకల మీద పేరుకునే ఆ తెల్లటి సల్ఫేటు మొదట్లో మెత్తగా, సన్నగా ఉంటుంది. వెంటనే ఛార్జి చేస్తే కరిగిపోతుంది. బ్యాటరీని దిగిపోయిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే ఆ రేణువులు పెద్ద పలుకులై గట్టిపడతాయి. కాలికంటిన బురద తడిగా ఉన్నప్పుడు చెంబెడు నీళ్ళతో పోతుంది, ఎండితే గీకాలి. అలాగే ఇదీ. గట్టిపడిన పలుకు ఛార్జికి లొంగదు. అంతమేర పలక పనికిరాకుండా పోతుంది. అంటే దొంగ వాడకం వల్ల ఒకసారి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ, మళ్ళీ నింపాక కూడా, కాస్త చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే అది నిజంగానే పాడవుతుంది. అప్పుడు దుకాణంవాడు "బ్యాటరీ పాడైంది" అన్నమాట అబద్ధం కాదు. పాడు చేసిందెవరన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఆపడం వేరు, తెంపడం వేరు

మనం స్విచ్చి ఆపామంటే ఆ పరికరానికి కరెంటు పోవడం లేదని అనుకుంటాం. పాతకాలపు బల్బు విషయంలో అది నిజం. ఈ రోజుల్లో చాలా పరికరాలకు మనం నొక్కే బటన్ కరెంటు తీగను తెంపేది కాదు. "నిద్రపో" అని లోపలి చిప్పుకు చెప్పే మాట మాత్రమే. నిద్రపోయినా చిప్పు ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. మళ్ళీ పిలిస్తే పలకాలి కదా.

ట్రైలర్‌లో ఇలాంటి అరకన్ను నిద్రగాళ్ళు చాలామంది ఉంటారు. రేడియోలో గడియారం, స్టేషన్ల జ్ఞాపకం. ఫ్రిజ్‌ను నడిపించే చిన్న సర్క్యూటు బోర్డు. టీవీ వెనక గోడకు ఉండే యాంటెన్నా బూస్టర్. దీనికి మిణుగురంత దీపం ఒకటి ఉంటుంది, టీవీ ఆపితే అదికూడా ఆగిందనుకుని ఎవరూ దానివైపు చూడరు. కొన్ని ఫ్రిజ్‌లలో తలుపు చుట్టూ చెమ్మ పట్టకుండా సన్నటి వేడి తీగ ఉంటుంది, దాని స్విచ్చి వేసి మరిచిపోతే అది మిగతా అందరికన్నా ఎక్కువ తాగుతుంది.

వీళ్ళందరిలో నాకు బాగా ఆసక్తి కలిగించినవాడు గ్యాసు హెచ్చరిక యంత్రం. ట్రైలర్‌లో వంటకు, ఫ్రిజ్‌కు వాడేది ప్రొపేన్ గ్యాసు. అది గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందుకే ఈ యంత్రాన్ని నేలకు జానెడు ఎత్తులో, మంచం కిందో అల్మారా కిందో బిగిస్తారు. దీనికి స్విచ్చి ఉండదు. మరిచిపోయి ఆపేస్తే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి కావాలనే పెట్టరు. అయితే ఊరికే వాసన చూడటానికి కరెంటెందుకు? చాలా యంత్రాల్లో లోపల టిన్ను ఆక్సైడు పూసిన చిన్న గింజలాంటిది ఉంటుంది. గ్యాసు తగిలితే దాని గుండా కరెంటు పారే తీరు మారిపోతుంది. కాని ఆ గింజ బాగా వేడిగా ఉంటేనే ఈ గుణం పనిచేస్తుంది. జపాన్‌లో నవోయోషి టగుచి 1960లలో ఈ పద్ధతిని రూపొందించాడు. అంటే తాళం వేసిన ఆ ఇంట్లో, రాత్రీ పగలూ, ఒక చిన్న పొయ్యి ఆరకుండా వెలుగుతూనే ఉంటుందన్నమాట. మోడల్‌ను బట్టి అది 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది.

ఇంకొకటి ఉంది, అది చాలా అరుదు, కాని జరిగిందంటే చెరువుకు గండే. ట్రైలర్ దారిలో కారునుంచి తెగిపోతే దానంతట అదే బ్రేకు పడేలా ముందు భాగంలో ఒక పిన్ను పెడతారు. దానికి సన్నటి ఇనుప తాడు కట్టి కారుకు తగిలిస్తారు. ట్రైలర్ విడిపోతే తాడు పిన్నును లాగేస్తుంది, బ్యాటరీ కరెంటు నేరుగా చక్రాల్లోని బ్రేకు అయస్కాంతాలకు వెళ్తుంది. ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు, నాలుగు చక్రాలకు 12. యార్డులో నిలిపిన బండికి ఎవరైనా పిల్లలు ఆ పిన్ను లాగితే, లేదా బండి కదలకుండా ఉంటుందని మనమే లాగి ఉంచితే, బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. ఒక్క రాత్రిలో దిగిపోయే బ్యాటరీకి మొదట చూడవలసింది ఈ పిన్నునే. వారాల మీద దిగిపోతే మాత్రం అది పిన్ను పని కాదు.

దిగడానికి ఎంతకాలం పట్టిందన్నది ఇలా మనకు మొదటి సాక్ష్యం అవుతుంది. అందుకే నేను మా వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నాళ్ళకు?" అని.

రోజుకు నాలుగు చొప్పున

ఒక ఆంపియర్ ధార గంటసేపు పారితే దాన్ని ఒక ఆంపియర్-గంట అంటారు. బ్యాటరీ మీద రాసి ఉండే అంకె ఇదే. మా వాడి బ్యాటరీ 80 ఆంపియర్-గంటలది. నాలుగు ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని దాని అర్థం.

ట్రైలర్‌లో ఉన్నప్పుడు నాలుగు దీపాలు వేసుకుంటారు. అన్నీ కలిపి ఒక ఆంపియర్ అనుకుందాం. సాయంత్రం రెండు గంటలు వేస్తే రెండు ఆంపియర్-గంటలు. ఇప్పుడు ఆ గ్యాసు యంత్రాన్ని చూడండి. 80 మిల్లీ ఆంపియర్లంటే ఆంపియరులో పన్నెండో వంతుకన్నా తక్కువ. తీగను ముట్టుకున్నా వేడి తెలియదు. కాని దానికి సాయంత్రం, తెల్లవారుఝాము అన్న తేడా లేదు. 0.08ని 24తో గుణిస్తే దాదాపు రెండు. ఎవరూ లేని ఇంట్లో రోజూ సాయంత్రం నాలుగు దీపాలు రెండు గంటలు వెలిగినట్టే లెక్క.

మనిషి బుద్ధికి పెద్ద ధార కనిపించినంతగా చిన్న ధార ఎంతసేపు పారుతుందన్నది కనిపించదు. నీళ్ళ పంపు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. అందరూ దాన్నే అనుమానిస్తారు. కాని అది రోజులో తిరిగేది పది నిమిషాలు. అంటే ఒక ఆంపియర్-గంట. వరిమడి గట్టుకు బొరియ పడితే రైతుకు చప్పుడేమీ వినిపించదు. రాత్రి నిండుగా పెట్టిన మడి తెల్లారేసరికి నెర్రెలు చూపిస్తుంది. ఇక్కడ జరిగేది అదే.

మా ఇంటిదగ్గరి కార్ల లెక్క కూడా ఈ పద్ధతిలోనే చేయవచ్చు. ఆధునిక కారు నిద్రలో ఉన్నా అలారం, తాళపు చిప్పు, కంప్యూటర్ల కోసం కాస్త కరెంటు వాడుతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మెకానిక్కులు సరే అంటారు. 30 అనే అనుకోండి. రోజుకు 0.72, ఆర్నెల్లకు 130 ఆంపియర్-గంటలు. చిన్న కారులో ఉండేది 35 ఆంపియర్-గంటల బ్యాటరీ. కారులో ఏ లోపమూ లేకపోయినా ఆర్నెల్లు నిలవడం కుదరని పని. దానికి తోడు నేరుగా బ్యాటరీకి తగిలించిన జీపీఎస్ ట్రాకరో, డాష్ కెమెరానో ఉంటే నెల కూడా కష్టమే.

బొరియ వెతకడం

ఇప్పుడు మీటరు బయటికి తీద్దాం. మార్కెట్లో దొరికే మామూలు మల్టీమీటరు చాలు.

మొదటి పరీక్ష బ్యాటరీ మీదే. అందరూ దీన్ని వదిలేసి ఫ్యూజుల దగ్గరికి పరుగెత్తుతారు, అది తప్పు. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, రెండు తీగలూ విప్పి, ఒక రాత్రి ఊరికే ఉంచాలి. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. కాగిన పాలు పొంగి గిన్నె నిండినట్టు కనిపిస్తాయి కదా, పొంగు దిగాక గాని అసలు కొలత తెలియదు. మర్నాడు పొద్దున కొలిస్తే మంచి బ్యాటరీ 12.6, 12.7 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు. 11.9 కిందికి వెళ్తే ఖాళీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. 12 వోల్టుల బ్యాటరీ 12 చూపిస్తోంది, బాగానే ఉందిగా అంటారు. నిండు చెరువుకూ ఎండిన చెరువుకూ మధ్య తేడా ఒక్క వోల్టు కూడా లేదు. చుక్క తరవాత అంకెలోనే కథంతా ఉంది.

అలా విప్పిన బ్యాటరీని వారం ఉంచి మళ్ళీ కొలవాలి. తీగలు లేకుండానే 12.3కో 12.2కో జారితే దోషం బ్యాటరీదే, బండిని వెతకడం దండగ. మా వాడి గ్యారేజీలో వారం ఉన్న కొత్త బ్యాటరీ 12.66 నుంచి 12.64కు వచ్చింది. అంటే అది నిర్దోషి.

మన మెకానిక్కులు చాలామంది బ్యాటరీని సిమెంటు నేల మీద పెట్టనివ్వరు, కింద చెక్కముక్క పెట్టమంటారు. అమెరికాలోనూ ఇదే నమ్మకం ఉంది. ఒకప్పటి పెట్టెల్లో తేమ పట్టి కాస్త కరెంటు కారేది కాబట్టి అప్పట్లో అది తెలివైన జాగ్రత్త. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు నేలతో పేచీ లేదు. మా వాడు వారమంతా సిమెంటు మీదే ఉంచాడు.

రెండో పరీక్ష బండిది. ఛార్జరు ప్లగ్గు తీసేసి, పైన సోలార్ పలక ఉంటే దాన్ని కప్పి, మనం రోజూ ఆపే స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీ నుంచి నెగటివ్ తీగను విప్పాలి. నెగటివే ఎందుకంటే బండి ఇనుప చట్రమంతా దానికే కలిపి ఉంటుంది. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ పొరపాటున చట్రానికి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది. నెగటివ్ విప్పేటప్పుడు తగిలినా ఏమీ కాదు. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి అప్పుడే ఛార్జి చేసిన బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ అసలే పనికిరాదు.

విప్పిన తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరును పెట్టాలి. నీళ్ళ మీటరును పైపు తెంచి మధ్యలో బిగిస్తారు, పక్కన పెడితే ఏం చూపిస్తుంది? కరెంటు ధారను కొలవడమూ అంతే. ఎర్ర తీగను మీటరులో 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టాలి. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మొదలుపెడితే లోపలి ఫ్యూజు పోతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఆంపియర్ల రంధ్రంలో ఉన్న మీటరును బ్యాటరీ రెండు కొనలకూ నేరుగా ఎప్పుడూ తాకించకూడదు. అది బ్యాటరీకి ఇనుప కడ్డీ అడ్డం పెట్టడంతో సమానం. మీటరు మధ్యలో ఉండగా జాకీ బటన్ కూడా నొక్కకూడదు.

తగిలించగానే గ్యాసు యంత్రం ఒకసారి కూసింది. దాని గింజ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా అంకెలు ఊగుతూ ఉంటాయి. కంగారుపడకుండా ఆగాలి. కార్లలోనైతే కంప్యూటర్లు పూర్తిగా నిద్రపోవడానికి అరగంట కూడా పట్టవచ్చు. ఆగి చూస్తే మా మీటరు 0.16 దగ్గర నిలబడింది. 160 మిల్లీ ఆంపియర్లు. రోజుకు 3.84 ఆంపియర్-గంటలు. 80ని దీనితో భాగిస్తే ఇరవై ఒక్క రోజులు. మా అల్లుడు చెప్పిన మూడు వారాలు కాగితం మీద అచ్చంగా వచ్చేసరికి అతని ముఖంలో చూసిన వెలుగు, క్లాసులో లెక్క తేలిన కుర్రవాళ్ళ ముఖాల్లో చూసేవాణ్ణి.

మిగిలింది ఎవరి వాటా ఎంతో తేల్చడం. బండి లోపల రంగురంగుల చిన్న ప్లాస్టిక్ ఫ్యూజుల పెట్టె ఉంటుంది. ఒకరు మీటరు చూస్తూ ఉంటే ఇంకొకరు ఫ్యూజులు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టాలి. మా మనవరాలు మీటరు దగ్గర కూర్చుని అంకెలు గట్టిగా చదివింది. నాలుగు ఫ్యూజులకు కదలిక లేదు. ఐదోది రేడియోది, 160 కాస్తా 140 అయింది. తరవాత ఒకటి లాగితే 60 పడిపోయింది. ఆ ఫ్యూజు మీద ఉన్న పేరు చూసి వెతుక్కుంటూ వెళ్తే టీవీ వెనక యాంటెన్నా బూస్టర్, దాని దీపం వెలుగుతోంది. ఆఖరుకు గ్యాసు యంత్రం. అదీ తీసేసరికి మీటరులో సున్నాలే మిగిలాయి.

మీటరు పెట్టడం భయమనిపిస్తే పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతి ఒకటుంది. మీటరు బదులు 12 వోల్టుల చిన్న బల్బు పెట్టడం. వెలిగితే వాడకం ఉన్నట్టు. అయితే 160 మిల్లీ ఆంపియర్లకు బల్బు తీగ కాస్త ఎర్రబడటం తప్ప పెద్దగా వెలగదు, పగటి వెలుగులో కనిపించకపోవచ్చు. తీగ విప్పకుండానే దాన్ని చుట్టి పట్టుకుని కొలిచే క్లాంపు మీటరు కూడా ఉంది. ఇంటి కరెంటు కొలిచే మామూలు క్లాంపు మీటరు బ్యాటరీ కరెంటును చూడలేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రంతో, తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రకం కావాలి. కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో అడగండి.

ఎండ, మంచు, ఒక చిన్న స్విచ్చి

దొంగలు దొరికాక ఏం చేయాలన్నది తేలికే. బూస్టరును దాని బటన్‌తోనే ఆపేశాం. గ్యాసు యంత్రానికి బటన్ లేదు, ఉండకూడదు కూడా. అందుకని బ్యాటరీ నెగటివ్ కొన దగ్గరే చేత్తో తిప్పే స్విచ్చి ఒకటి బిగించాం. యార్డులో పెట్టి వచ్చేటప్పుడు తిప్పితే బ్యాటరీకీ బండికీ సంబంధం తెగిపోతుంది. బిగించాక మళ్ళీ మీటరు పెట్టి సున్నా వచ్చిందో లేదో చూసుకున్నాం. చాలా కొత్త ట్రైలర్లకు ఇలాంటి స్విచ్చి కంపెనీయే పెట్టి ఇస్తుంది. దాన్ని నమ్మి ఊరుకోవద్దు. కొన్నిటిలో గ్యాసు యంత్రం, జాకీ, బ్రేకు పిన్ను స్విచ్చికి ఇవతల నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి. స్విచ్చి తిప్పినా దొంగ బయటే ఉంటాడు. మీటరు తప్ప దాన్ని ఎవరూ చెప్పలేరు.

యార్డుకు పైకప్పు లేకపోతే చిన్న సోలార్ పలక, దానికి తగిన కంట్రోలరు పెట్టుకోవచ్చు. పైకప్పు ఉంటే అది దండగ. కారు వెనక లాక్కెళ్ళేటప్పుడు కారే ఛార్జి చేస్తుందని కొందరు ధీమాగా ఉంటారు. ఆ పొడవాటి సన్నటి తీగ గుండా వచ్చేది కొద్ది కరెంటే. ఖాళీ అయిన బ్యాటరీ రెండు మూడు గంటల ప్రయాణంలో నిండదు.

చలి ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నిండు ఛార్జితో ఉన్న బ్యాటరీలో ఆమ్లం చిక్కగా ఉంటుంది, అది మైనస్ 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. దిగిపోయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీళ్ళే. మైనస్ 10 చుట్టుపక్కలే గడ్డకట్టి పెట్టె పగిలిపోతుంది. మిన్నెసోటాలో చలికాలం మైనస్ 30 దాకా వెళ్తుంది. అక్కడ నవంబరు రాకముందే బ్యాటరీని విప్పి, నిండా ఛార్జి చేసి, ఇంట్లో పెట్టుకోవడం మంచిది. లిథియం ఫాస్ఫేటు బ్యాటరీ వేయించుకున్నవాళ్ళకు గడ్డకట్టే భయం లేదు, కాని సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జి చేయకూడదు. దొంగ వాడకం మాత్రం దానికీ అంతే.

స్విచ్చి బిగించాక రెండు నెలలకు మా అల్లుడు యార్డు నుంచే ఫోన్ చేశాడు. మీటరు 12.5 చూపిస్తోందని, జాకీ ఒక్క బటన్‌కే లేచిందని చెప్పాడు. నేను అతనికి చెప్పింది, మీకూ చెబుతున్నది ఒక్కటే. కారుకు తగిలించి బండి కదిలించేముందు ఆ స్విచ్చి మళ్ళీ వేయండి, లేకపోతే ట్రైలర్ తెగినా బ్రేకు పడదు. రాత్రి పిల్లలతో అందులో పడుకునేముందు నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఆ గ్యాసు యంత్రం దీపం వెలుగుతోందో లేదో వంగి చూడండి.